ఎండకు సర్వే నంబరు లేదు

అనంతపురం జిల్లాలో మా చిన్నాయనకు 4 ఎకరాల 30 సెంట్ల మెట్ట ఉంది. రెండుసార్లు బోరు వేయించి రెండుసార్లూ దుమ్మే చూసిన నేల అది. వాన సకాలంలో పడితే వేరుశనగ, ఆలస్యమైతే కంది, అసలు పడకపోతే బీడు. కొన్నేళ్ల క్రితం ఒక సోలార్ కంపెనీ తరఫున ఇద్దరు కుర్రాళ్లు ఊరికి వచ్చి, ఎకరాకు ఏటా ఇంతని లీజు ఇస్తామని చెప్పిపోయారు. ఆ సాయంత్రం చిన్నాయన నాకు ఫోన్ చేసి, "ఏమప్పా, ఎండకు గూడా గుత్త ఇస్తారంట, నిజమేనా?" అని అడిగాడు. నిజమేనని చెప్పాను. కాగితాలు నేను చూసుకుంటానని కూడా అన్నాను. ఆ మాట ఎందుకన్నానా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

1బిలో, అంటే భూమి ఎవరి పేరున ఉందో చెప్పే రికార్డులో, పేరు మా తాతది. ఆయన పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఎవరు సాగుచేస్తున్నారో రాసే అడంగల్‌లో అనుభవదారు గడిలో చిన్నాయన పేరుంది కానీ, అన్నదమ్ములు పెద్దమనుషుల ముందు నోటిమాటగా పంచుకున్న భాగాలు కాబట్టి సర్వే నంబరుకు సబ్ డివిజన్ జరగలేదు. ఎఫ్ఎంబీ అనే సర్వే కొలతల పటంలో గట్టు ఒకచోట ఉంటే, నేల మీద గట్టు పదడుగులు తూర్పుకు జరిగి ఉంది. రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్‌కు దరఖాస్తు పెట్టాం. సర్వేయరు వచ్చిన రోజు పక్క రైతు ఊళ్లో లేడు, పక్క రైతు ఉన్న రోజు సర్వేయరుకు వేరే మండలంలో పని. అన్నీ కుదిరిన రోజున గొలుసు పట్టి కొలిస్తే 11 సెంట్లు తక్కువ తేలింది. ఇలా పద్నాలుగు నెలలు గడిచాయి. చెప్పదలచుకున్న సంగతి ఏమిటంటే, ఆ కంపెనీకి విద్యుత్ శాఖ నుంచి రావలసిన అనుమతి మేము మొదటి దరఖాస్తు పెట్టేనాటికే చేతిలో ఉంది.

ప్రణాళికా సంస్కరణ అన్న మాట ఎక్కడ విన్నా నాకు ఆ పద్నాలుగు నెలలు గుర్తుకొస్తాయి. మన ప్రభుత్వాలకు సంస్కరణ అనగానే సింగిల్ విండో, అంటే అన్ని అనుమతులూ ఒకే కిటికీలో ఇవ్వడం, గుర్తుకొస్తుంది. అనుమతులు ఇరవై ఒక్క రోజుల్లో ఇస్తాం, ముప్పై రోజుల్లో ఇస్తాం, లేకుంటే ఇచ్చినట్టే భావించవచ్చు అని ప్రకటిస్తారు. పునరుత్పాదక విద్యుత్తు విషయంలో ఈ వైద్యం జబ్బు లేనిచోట చేస్తున్న వైద్యమని నా వాదన. ఆలస్యం అనుమతుల కిటికీ దగ్గర జరగడం లేదు. ఏ నేల మీద కట్టాలో, ఆ నేల ఎవరిదో, తయారైన కరెంటు ఏ తీగ మీద పోవాలో, అందులో ఊరికి దక్కేదేమిటో ముందుగా తేల్చకపోవడం దగ్గర జరుగుతోంది. ఆ తేల్చే పనినే ప్రణాళిక అంటారు. మనం దాన్ని వదిలేసి సంతకాల వేగాన్ని సంస్కరిస్తున్నాం.

అనుమతుల సంగతి నిజానికి ఎప్పుడో తేలికైంది. 2003 విద్యుత్ చట్టంతోనే విద్యుదుత్పత్తికి లైసెన్సు అక్కర లేకుండా పోయింది. సౌరవిద్యుత్ ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అవసరం లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2016లో సౌర, పవన విద్యుత్తులను తెల్ల కేటగిరీలో, అంటే కాలుష్యం లేని పరిశ్రమల జాబితాలో చేర్చింది. సాగుభూమిని వ్యవసాయేతర అవసరానికి మార్చుకోవడానికి 2006లో తెచ్చిన నాలా చట్టాన్ని కూడా ఆంధ్రప్రదేశ్ 2025లో రద్దు చేసింది. అంతకు ముందే, 2024 అక్టోబరులో ప్రకటించిన సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానంలో 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు, 7.5 లక్షల ఉద్యోగాలు లక్ష్యమని రాష్ట్రం చెప్పింది. కిటికీ ఇంత విశాలంగా తెరిచి ఉన్నా లోపలికి గాలి రావడం లేదంటే గోడ వైపు చూడాలి.

ఆ గోడలో మొదటి రాయి భూమి రికార్డు. రాయలసీమలో సోలార్‌కు పనికొచ్చే మెట్టల్లో చాలా భాగం డి-పట్టా భూములు. ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన ఈ భూముల్ని అమ్మడం, బదిలీ చేయడం కుదరదని 1977 నాటి చట్టం చెప్పింది (2023లో ఇరవై ఏళ్లు దాటిన అసైన్‌మెంట్లకు దీన్ని సడలించారు). పేదవాడి భూమిని పలుకుబడి ఉన్నవాడు కాజేయకుండా తెచ్చిన మంచి చట్టమే అది. అయితే ప్రభుత్వానికే ఆ భూమి కావలసి వచ్చినప్పుడు, ఇది మేమిచ్చిందే కదా అని వెనక్కి తీసుకుని నామమాత్రపు పరిహారం చేతిలో పెట్టే అలవాటు పెరిగింది. అసైన్‌మెంటు భూములకు కూడా పట్టా భూములతో సమానంగా మార్కెట్ విలువ చెల్లించాలని ఉమ్మడి రాష్ట్ర హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే తేల్చింది. అయినా మా పాత అనంతపురం జిల్లాలోని ఎన్.పి.కుంట సోలార్ పార్కు దగ్గర పరిహారం మీద తగాదాలు చాలాకాలం నడిచాయి. దశాబ్దాలుగా దున్నుకుంటున్నా కాగితంలో పేరు లేనివాళ్లు ఉంటారు. పేరుండి భూమి ఎక్కడుందో చూపించలేనివాళ్లు ఉంటారు. ఇక పాత రికార్డులో యజమాని పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన చుక్కల భూములు, రిజిస్ట్రేషన్ చేయకూడదని పెట్టిన 22ఎ నిషేధిత జాబితాలు సరేసరి. 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే దీన్నంతా సరిచేస్తుందని ఆశపడ్డాం. దానికి జోడుగా తెచ్చిన భూహక్కు చట్టం ఎన్నికల గొడవగా మారి, 2024లో వచ్చిన కొత్త ప్రభుత్వం చేతుల్లో రద్దయింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. హద్దులు తేల్చే పని ఏ పార్టీది కాదన్న ఒప్పందమైనా మనకు లేకపోవడం నాకు ఎక్కువ బాధ కలిగిస్తుంది.

ఇదే నేల మీద పని త్వరగా అయిన సందర్భమూ ఉంది. కర్నూలు జిల్లా గని, శకునాల గ్రామాల దగ్గర (ఇప్పుడు గని నంద్యాల జిల్లా కిందికి వస్తుంది) సుమారు 5,900 ఎకరాల్లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. ఒకే చోట అంత పెద్ద పార్కు అప్పటికి ప్రపంచంలోనే అరుదు. అక్కడ కంపెనీలు ఊరూరూ తిరిగి రైతుల్ని వెతుక్కోలేదు. కేంద్ర, రాష్ట్ర సంస్థలు కలిసి పెట్టిన సోలార్ పవర్ కార్పొరేషన్ భూమిని ముందే సమకూర్చి, రోడ్లు వేసి, సబ్‌స్టేషన్లు కట్టి, ఆ తర్వాత స్థలం అప్పగించింది. టెండరు వేసేవాడికి భూమి దొరుకుతుందా, లైను వస్తుందా అన్న అనుమానం లేదు కాబట్టి ఆ అనుమానానికి వేసుకునే ధరా తగ్గింది. 2015 చివర్లో అక్కడ పలికిన ధర యూనిట్‌కు 4 రూపాయల 63 పైసలు, ఆనాటికి అది దేశంలోనే కనిష్ఠం. ఏడాదిన్నర తిరక్కముందే, 2017 ఏప్రిల్‌లో, కడప పార్కుకు 3 రూపాయల 15 పైసలు పలికింది. ఈ తగ్గుదలలో చైనా ప్యానెళ్ల ధరలు పడిపోవడం పెద్ద కారణమని ఒప్పుకోవాలి. కానీ ప్యానెళ్లు దేశమంతటికీ ఒకే ధరకు వస్తాయి. సిద్ధంగా ఉన్న నేల, సిద్ధంగా ఉన్న లైను మాత్రం ప్రణాళిక ఉన్నచోటే దొరుకుతాయి.

గనిలో ఎక్కువ భాగం ప్రభుత్వ భూమి కాబట్టి పని నడిచిందనీ, రైతుల పట్టా భూముల్లో అది కుదరదనీ వాదించేవారికి మా సరిహద్దు దాటితే చాలు, జవాబు కనిపిస్తుంది. పావగడ కర్ణాటకలోని తుమకూరు జిల్లాది, కానీ మూడు వైపులా మా పాత అనంతపురం జిల్లాయే చుట్టుకుని ఉంటుంది. సంతలో సగం మాటలు తెలుగే. అక్కడ 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు కట్టారు. భూమిని సేకరించలేదు, కొనలేదు. రైతుల దగ్గర లీజుకు తీసుకుని ఎకరాకు ఏటా 21,000 రూపాయలు, రెండేళ్లకొకసారి 5 శాతం పెంపుతో చెల్లించే పద్ధతి పెట్టారు. భూమి పేరు రైతుదే, పాస్‌బుక్కు రైతుదే. అక్కడికి వెళ్లి చూసినప్పుడు నాకు బాగా గుర్తుండిపోయినవి ప్యానెళ్లు కావు. ఒక ఇంటి అరుగు మీద, విత్తనానికి అప్పు చేయకుండా గడిచిన ఏళ్లను వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పిన పెద్దాయన గుర్తున్నాడు.

అయితే ఆ అరుగు మీద కూర్చోనివాళ్ల సంగతి కూడా రాయకపోతే నేను సగమే చూసినట్టు. లీజు డబ్బు భూమి ఉన్నవాడికి వస్తుంది. వేరుశనగ పీకడానికి, కాయలు ఒలవడానికి పోయే కూలీలకు పొలంతో పాటు పనీ పోయింది. గడ్డి కోయడం, ప్యానెళ్లు కడగడం, కాపలా కాయడం లాంటి పనులు కొందరికే దొరికాయి. గొర్రెల కాపరులకైతే తరాలుగా మేపుకున్న నేలకు ముళ్లకంచె అడ్డం పడింది. అనంతపురం ప్రాంతంలో గొర్రె అంటే బ్యాంకు ఖాతా లాంటిది, కరువులో అమ్ముకుని బతికేది. ఆ బ్యాంకును మూయించి దానికి ఏ లెక్కలోనూ పరిహారం రాయలేదు. బీడుభూమి అని ప్రభుత్వ రికార్డు రాసుకున్న ప్రతి చోటా ఎవరో ఒకరి మంద మేస్తూ ఉంటుందన్న సంగతి ఆఫీసులో కూర్చుని పటం చూసేవాళ్లకు తెలియదు.

లీజు కూడా ఎంత న్యాయమో ఒకసారి లెక్క వేద్దాం. పావగడలో మెగావాటుకు సుమారు 6.3 ఎకరాలు పట్టాయి. ఎకరాకు 21,000 చొప్పున మెగావాటుకు ఏటా లక్షా 33 వేల రూపాయల లీజు. మా ప్రాంతపు ఎండకు మెగావాటు ఏడాదికి ఇంచుమించు 20 లక్షల యూనిట్లు ఇస్తుంది. యూనిట్ 3 రూపాయలనుకున్నా 60 లక్షల రాబడి. నేల ఇచ్చినవాడి వాటా అందులో 2 శాతం పైచిలుకు. కౌలుకు దున్నించుకున్నా ఇంతకంటే ఎక్కువ వాటా అడిగే రైతులు ఇక్కడికి వచ్చేసరికి తృప్తిపడుతున్నారంటే, అది లీజు గొప్పతనం కాదు, వేరుశనగ మీద వాళ్లు పడిన నష్టాల లోతు.

ఇక లైను. సోలార్ ప్రాజెక్టు ఏడాదిన్నరలో లేస్తుంది, దాని కరెంటును మోసే పెద్ద లైనుకు అంతకు రెట్టింపు కాలం పట్టడం మామూలే. టవరు వేయడానికి లైను సంస్థకు 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం నుంచి అరువు తెచ్చుకున్న అధికారాలు ఉంటాయి కాబట్టి రైతు అనుమతి అడగాల్సిన పని లేదు. నేల కొనరు, సేకరించరు, కానీ నాలుగు కాళ్లు దిగిపోతాయి. మా ఊరి దారిలో ఒక పొలంలో అలాంటి టవరు ఉంది. దాని కాళ్ల మధ్య ట్రాక్టరు తిరగదు, కాబట్టి అంత మేరా ఎద్దులతోనో చేత్తోనో దున్నుకోవాలి. పైన తీగ పోయే మేర చెట్టు పెంచకూడదు, ఇల్లు కట్టకూడదు, అమ్మబోతే కొనేవాడు ముందుగా తల పైకెత్తి చూస్తాడు. కేంద్రం 2015లో టవరు అడుగు నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల కిందికి 15 శాతం మించకుండా పరిహారం ఇవ్వవచ్చని చెప్పింది. 2024 జూన్‌లో వాటిని 200, 30 శాతాలకు పెంచింది. ఈ పెంపు వల్ల విద్యుత్ లైన్లు వేసే సంస్థలకు ఖర్చు పెరుగుతుందని కొందరు పెదవి విరిచారు కానీ, నా దృష్టిలో ఈ పదేళ్లలో పునరుత్పాదక విద్యుత్తుకు జరిగిన అసలైన ప్రణాళికా సంస్కరణ ఇదే. రైతు అడ్డం పడితే పోలీసు బందోబస్తుతో గుంతలు తీయించి, కోర్టు స్టే వచ్చాక ఏడాది ఆగిపోవడం కంటే ఇది చవక. కరెంటును రాష్ట్రాల మధ్య మోసే లైన్లకు కట్టే అంతర్రాష్ట్ర ప్రసార చార్జీల పూర్తి మినహాయింపు 2025 జూన్ 30 లోపు పూర్తయిన ప్రాజెక్టులకే అన్న గడువు పెట్టినప్పుడు, ఆలస్యం విలువ ఎంతో కంపెనీలకు బాగానే తెలిసొచ్చింది.

నేల, తీగ అయ్యాక మాట. 2019 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పాత పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాలను తిరగదోడడానికి కమిటీ వేసింది. పాత ధరలు ఎక్కువ, కొత్త టెండర్లలో రెండున్నర రూపాయలకే దొరుకుతోంది కదా అన్నది వాదన. డిస్కంల, అంటే కరెంటు పంపిణీ సంస్థల, అప్పులు నిజం, బాధ నిజం. కానీ ఇరవై ఐదేళ్లకు సంతకం చేసిన ధరను ఐదో ఏట మార్చమనడం వల్ల బిల్లులు నిలిచిపోయాయి. వివాదం హైకోర్టులో తిరిగి తిరిగి 2022 మార్చిలో డివిజన్ బెంచి ఒప్పంద ధరలకే చెల్లించాలని తీర్పు ఇచ్చేదాకా సాగింది. ఆ మూడేళ్లలో ఎన్ని ప్రాజెక్టులు పక్క రాష్ట్రాలకు పోయాయో నేను లెక్క చెప్పలేను కానీ, అప్పు ఇచ్చే బ్యాంకు ఆంధ్ర అన్న పేరు వినగానే మరో కాగితం అడగడం మొదలుపెట్టిందని ఆ రంగంలో ఉన్నవాళ్లు ఎవరైనా చెబుతారు. ఏ సింగిల్ విండో ఆ కాగితాన్ని ఇవ్వగలదు?

ప్రణాళికను ముందుకు తేవడమంటే ఎలా ఉంటుందో చూడాలంటే రెండు దేశాలను పక్కపక్కన పెట్టవచ్చు. ఇంగ్లండ్‌లో 2015లో ప్రణాళికా నిబంధనల్లో చేర్చిన మార్పుల వల్ల నేల మీద కొత్త గాలిమరలు దాదాపు ఆగిపోయాయి. స్థానికుల్లో కొద్దిమంది అభ్యంతరం చెప్పినా చాలు, ప్రాజెక్టు కదిలేది కాదు. 2024 జులైలో కొత్త ప్రభుత్వం వచ్చిన వారంలోనే ఆ ఆంక్ష ఎత్తేసింది. జర్మనీ 2022లో చట్టం చేసి, 2032 నాటికి దేశ విస్తీర్ణంలో 2 శాతం నేలను గాలిమరలకు గుర్తించి ఇవ్వవలసిన బాధ్యతను రాష్ట్రాల మీద పెట్టింది. అంటే ఎక్కడ కట్టాలన్న తగువు ప్రాజెక్టు వచ్చాక కాకుండా, పటం గీసేటప్పుడే తేలిపోవాలి. మనకు కావలసింది ఈ రెండోది. ఇంగ్లండ్ రోగం మనకు లేదు, మన రోగానికి ఇంగ్లండ్ మందు పనిచేయదు.

పటం గీయడంలో ఎక్కడ కట్టకూడదో గీయడం కూడా ఉంది. సోలార్‌కు పర్యావరణ అనుమతి అక్కర లేదన్న వెసులుబాటు వల్ల, ఆ గీత గీసేవాడు లేకుండా పోయాడు. పాత కర్నూలు జిల్లాలోనే రోళ్లపాడు అభయారణ్యం ఉంది. 1988లో బట్టమేక పక్షి కోసం ఏర్పాటైంది. ప్యానెళ్లు రాకముందే అక్కడ ఆ పక్షి కనబడడం అరుదైపోయింది, కాబట్టి నేరం సోలార్ మీద వేయను. కానీ రాజస్థాన్, గుజరాత్‌లలో ఇదే పక్షి దారిలో తీగలు లాగేశాక, వాటిని భూమిలో పాతాలని 2021లో సుప్రీంకోర్టు ఆదేశించడం, అది ఆచరణలో కష్టమని 2024లో సడలించి నిపుణుల కమిటీకి అప్పగించడం చూశాం. గడ్డి నేలల పటం ముందే ఉంటే కోర్టుకు ఆ పని ఉండేది కాదు.

తెలంగాణ తొలినాళ్లలో మరో దారి తొక్కింది. 2015లో భారీ పార్కుల జోలికి పోకుండా, సబ్‌స్టేషన్ల వారీగా టెండర్లు పిలిచి మహబూబ్‌నగర్, మెదక్ వంటి జిల్లాల్లో చిన్న చిన్న ప్లాంట్లను పరిచింది. భూవినియోగ మార్పును రుసుము కడితే జరిగినట్టే భావిస్తామని విధానంలోనే రాసింది. చిన్న ప్లాంటులో యూనిట్ ధర కొంత ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ కరెంటు తయారైన చోటే కొంత ఖర్చవుతుంది, వందల కిలోమీటర్ల లైనుతో పని లేదు, ఒకే ఊరి మేత మొత్తం కంచెలోకి పోదు. వ్యవసాయ ఫీడర్లకు, అంటే పొలాల మోటార్లకు కరెంటు తెచ్చే లైన్లకు, పగటిపూట తొమ్మిది గంటలు ఇవ్వడానికి ఇంతకంటే సహజమైన జోడీ లేదు. కేంద్ర పథకం పీఎం కుసుమ్ కింద ఫీడర్ల సౌరీకరణ ఈ ఆలోచనే. పెద్ద పార్కులు వద్దని కాదు, పటం మీద ఈ చిన్న చుక్కలకు మొదటి చోటు ఇవ్వాలని నా కోరిక.

ఇప్పుడు వాటా గురించి, ఎందుకంటే నాకు అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. జలవిద్యుత్ ప్రాజెక్టు కడితే రాష్ట్రానికి 12 శాతం ఉచిత విద్యుత్తు వస్తుంది. 2008 జలవిద్యుత్ విధానం దానికి తోడు ఇంకో 1 శాతాన్ని ప్రాజెక్టు ప్రాంత అభివృద్ధి నిధికి కేటాయించింది. గని తవ్వితే 2015 సవరణ తర్వాత రాయల్టీకి తోడు, అందులో కొంత శాతానికి సమానమైన మొత్తం జిల్లా ఖనిజ నిధికి చేరుతుంది. నీటికి వాటా ఉంది, రాయికి వాటా ఉంది. ఎండకు, గాలికి లేదు. 1990లలో రామగిరి కొండల మీద మొదటి గాలిమరలు తిరగడం మొదలైనప్పుడు బస్సు కిటికీలోంచి వింతగా చూసినవాళ్లలో నేనూ ఒకణ్ని. ముప్పై ఏళ్ల తర్వాత ఆ దారి ఊళ్లకు ఆ రెక్కల నుంచి ఏం వచ్చిందని అడిగితే, కాపలా ఉద్యోగాలు కొన్ని, మట్టిరోడ్లు కొన్ని అని చెప్పాల్సి వస్తుంది.

రేపటి ఎదుగుదల ఎక్కడ జరగబోతోందో కూడా చూడండి. 2025 జనవరిలో విశాఖ దగ్గరి తీరంలోని పూడిమడకలో హరిత హైడ్రోజన్ హబ్‌కు ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది అక్టోబరులో విశాఖలో 1,500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతామని గూగుల్ ప్రకటించింది. రెండింటికీ అపారమైన స్వచ్ఛ విద్యుత్తు కావాలి. ఆ విద్యుత్తులో పెద్ద వాటా సీమ మెట్టల నుంచీ, పిన్నాపురంలో కట్టిన 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ (నీళ్లను పైకి తోడి ఉంచి, కావలసినప్పుడు వదిలి కరెంటు తీసే ఏర్పాటు) వంటి చోట్ల నుంచీ రావాలి. ఉద్యోగాలు, జీఎస్టీ, అద్దెలు తీరంలో ఉంటాయి. ఎండ, కంచె, టవర్లు సీమలో ఉంటాయి. ఇలాంటి పంపకం మీద సీమకు పాత జ్ఞాపకాలు చాలానే ఉన్నాయి.

అందుకే యూనిట్‌కు 5 పైసలు ఆ నేల ఉన్న పంచాయతీకి చట్టప్రకారం చేరాలని అడుగుతున్నాను. 1,000 మెగావాట్ల పార్కు ఏడాదికి 200 కోట్ల యూనిట్లు తయారుచేస్తే అది 10 కోట్ల రూపాయలు. అందులోంచి మేత నేల పోయిన కాపరికీ, పని పోయిన కూలీకీ ఏం ఇవ్వాలో గ్రామసభ తేల్చుకోవచ్చు. కరెంటు ధర పెరుగుతుంది కదా అంటారు. 100 మెగావాట్ల ప్రాజెక్టుకు 400 కోట్లు పెట్టి, 9 శాతం వడ్డీ కడుతున్నవాడికి ఒక్క నెల పని ఆగితే 3 కోట్లు పోతాయి. అదే ప్రాజెక్టు నుంచి ఊరికి 5 పైసల చొప్పున ఏడాదికి పోయేది ఒక కోటి. ఒక్క నెల ఆలస్యం తప్పితే మూడేళ్ల వాటా అందులోనే వచ్చేస్తుంది. తనకు ఏటా డబ్బు తెచ్చే లైను మీద ఊరు కేసు వేయదు.

చిన్నాయన మ్యుటేషన్ చివరికి వచ్చింది, 11 సెంట్లు తగ్గించుకుని. పాస్‌బుక్కు ఫోటో తీసి ఆ కుర్రాళ్లలో ఒకడికి పంపించాను. సబ్‌స్టేషన్‌లో బేలన్నీ నిండిపోయాయనీ, ఇంకో బే మంజూరైతే కబురు చేస్తామనీ జవాబు వచ్చింది. ఈసారి ఆ చేలో కంది వేశారు. బే అంటే ఏమిటని చిన్నాయన అడిగాడు. కరెంటు లోపలికి పోయే గుమ్మం అని చెప్పాను. "మరి గుమ్మం పెట్టకుండా గడపగడపకూ ఎందుకు తిరిగినారు?" అన్నాడు.